మా అమ్మ పెట్టిన ప్రార్థన మనవి

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద నమ్మకం లేదని కాదు. ఉంది. కాకపోతే నేను పక్కన లేకపోతే ఆయనకు పని సాగదేమోనని చిన్న అనుమానం ఉండేది. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం, నడికుడిలో ఇల్లు, మధ్యలో బైకు. ఎవరు సెలవు పెట్టినా వాళ్ల షిఫ్టు కూడా నేనే చేసేవాణ్ణి. ఆదివారాలు గుడికి ఎగనామం. ఎందుకంటే మా ల్యాబులో షిఫ్టు ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది, ఆ కుర్చీలో కూర్చోకపోతే నా జన్మ వృథా అని నేను తీర్మానించుకున్నాను. (ఆ కుర్చీకి ఒక చెయ్యి ఊడిపోయి ఉండేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా కనిపించింది.)

"సృష్టి చేసినాయనే ఏడో రోజు ఆగాడు. నువ్వు ఆయన కంటే ఎక్కువ చేస్తన్నావంట్రా?" అనేది అమ్మ. "ఆయనకు పైన మేనేజరు లేడమ్మా" అనేవాణ్ణి, పెద్ద తెలివైన మాట అన్నట్టు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసే నాన్న ఇద్దరి వంకా చూసి ముద్ద కలుపుకునేవాడు.

మా చర్చి సంఘంలో ఒక అలవాటు ఉంది. ఎవరికే కష్టమున్నా వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెడతారు. శుక్రవారం మధ్యాహ్నం అందరూ అన్నం మానేసి దాని కోసం ప్రార్థిస్తారు. ఆ గ్రూపు మోత పడలేక నేను మ్యూట్ చేశాను గానీ, పోస్టు విషయం వచ్చేసరికి భక్తి పొంగి, దారిలో పాస్టరుగారిని ఆపి "అయ్యగారూ, నా ఉద్యోగం కోసం కాస్త ప్రార్థన చేయండి" అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, "చేస్తన్నాంలే నాయనా. గట్టిగానే చేస్తన్నాం" అన్నారు. మా సంఘంలోనే ఉండే మిషను కుట్టే అత్త అయితే నా చెయ్యి పట్టుకుని, "నీ కోసం మూడు శుక్రవారాల నుంచి మెతుకు ముట్టలేదు అబ్బాయ్" అంది. నా కళ్లు చెమర్చాయి. ఇంతమంది కడుపులు మాడ్చుకుంటుంటే ఆ కుర్చీ నాకు కాక ఇంకెవరికి వస్తుంది?

ఇంటర్వ్యూకి ముందు రోజు సాయంత్రం ఆ అత్త మాట గుర్తొచ్చి, నా గురించి ఎవరు ఇంత బాగా చెప్పారా అని గ్రూపు తెరిచాను. మా అమ్మ గొంతు. (ఆవిడకు టైపు చేయడం రాదు, అంతా వాయిస్ మెసేజే.) "అందరికీ వందనాలు. మావాడు ఫ్యాక్టరీలో ఏందో పెద్ద పోస్టు కోసం ఎగబడతన్నాడు. అది వాడికి రాకూడదు. అందరూ చానా భారంగా ప్రార్థన చేయండి."

తప్పుగా విన్నానేమోనని మళ్లీ విన్నాను. రాకూడదు అనే అంది. కింద వరుసగా ఆమెన్లు. మొదటిది పాస్టరుగారిది. మూడోది మా నాన్నది.

అమ్మ వంటింట్లో గోంగూర గిల్లుతోంది. "అమ్మా! నా ఉద్యోగం పోవాలని ఊరు ఊరంతా ఉపవాసం పెట్టిస్తావా?"

"పోవాలని కాదురా, రావొద్దని. రెండూ ఒకటేనా?"

"నాన్నా, నువ్వు కూడానా?"

"మీ అమ్మ మనవికి ఆమెన్ పెట్టా. పొద్దున నువ్వు మోకాళ్లేసుకుని అడుక్కుంటుంటే దానికీ ఆమెన్ అన్నా. నేనీ ఇంట్లో ఉండాలి గదరా" అన్నాడు నాన్న.

పంతం కొద్దీ ఆ రాత్రీ, మర్నాడు పొద్దునా వరసగా రెండు షిఫ్టులు చేసి, ఇంటర్వ్యూకి మొహం కడుక్కుని మేనేజరు గది బయట కూర్చున్నాను. మెత్తటి సోఫా, చల్లటి ఏసీ. కళ్లు తెరిచేసరికి అటెండరు అన్న నా భుజం కుదుపుతున్నాడు. "అందరూ పోయారు తమ్ముడూ. మూడుసార్లు పిలిచా. సారే బయటికొచ్చి చూసి, పడుకోనీ అన్నాడు." పోస్టు నా కంటే ఏడాది వెనక చేరినవాడికి ఇచ్చారు.

ఇంటికొచ్చి, "సంతోషమేనా? నీ మాటే నెగ్గిందిగా!" అని అరిచాను. అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పోయిన నెల బండి మీద కళ్లు మూతలుపడి లారీ కిందికి పోబోయావంటగా. కాలవ గట్టు మీంచి నిన్ను లేపింది పంక్చర్ షాపు బాబాయంటగా."

ఇంట్లో చెప్పొద్దని ఆ బాబాయిని ఎంత బతిమాలానో! ఆయన మాత్రం ఆ రోజే నమాజుకు పోతూ మా గుమ్మం ముందు ఆగి చెప్పేసి వెళ్లాడట.

"ఆ కుర్చీలో నువ్వు గాకపోతే ఇంకోడు కూర్చుంటాడు. నువ్వు ఇంటికి రాకపోతే ఇక్కడెవడు కూర్చుంటాడ్రా?" అంది. ఆ గొంతులో ఇన్నాళ్లూ దాచుకున్న భయమంతా బయటపడింది. నాకు చాలా సిగ్గేసింది.

ఆ ఆదివారం గుడికి వెళ్లాను. మనవి నెరవేరినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. అమ్మ మోచేత్తో పొడిచింది. లేచాను. "నేనడిగిన పోస్టు రాలేదు. అందుకు దేవునికి... వందనాలు" అన్నాను. "స్తోత్రం!" అని కేక లేచింది చూడండి, అదిరిపడ్డాను. ఉద్యోగాలొచ్చినవాళ్లకు కూడా అంత స్తోత్రం ఎప్పుడూ పడలేదు. మిషను కుట్టే అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నాకేమో లోపల ఆ పోస్టు పోయిన బాధ ఇంకా సలుపుతూనే ఉంది.

ఇప్పుడు ఆనాడు నాలో ఉన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. తన ప్రాణం కోసం అన్నం మానేసినవాళ్లందరి మధ్యా నిలబడి, తనకేమీ దక్కలేదని దిగులుపడ్డాడు పిచ్చివాడు.