ఉన్నాదా అంటే ఉన్నాది

వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్, ఏ పనికైనా ముందు "ఈ సౌకర్యం ఉందా?" అని అసలు కంప్యూటర్ను నడిపే మూల ప్రోగ్రాం, కెర్నల్‌ను అడుగుతుంది. ఆ ప్రశ్నోత్తరాలు ఎలా ఉండాలో రాయడమే నా ఉద్యోగం. "ఉంది అంటే చాలదు, ఇప్పుడు పనిచేస్తుందో లేదో కూడా చెప్పాలి" అని పొద్దున ఆన్‌లైన్ మీటింగులో మొత్తుకున్నాను. "తర్వాత చూద్దాం" అన్నారు మిగతావాళ్లు.

మధ్యాహ్నం మా మేనమామకు మూతి వంకర పోయింది. చీపురుపల్లిలో ఓ ఆసుపత్రికి ఫోన్ చేసి, తలకు స్కానింగ్ మెషీన్ ఉందా అని అడిగాను. "ఉన్నాది, తెచ్చీండి" అంది కౌంటర్లో ఆవిడ. తీరా వెళితే అది ఎప్పుడో పాడైందట.

"మరి ఉన్నాదని ఎందుకు సెప్పారు?" అని ఆవిడను నిలదీశాను.

"ఉన్నాదా అన్నారు, ఉన్నాదన్నాను. నడుస్తాదా అని అడగనేదు కదా బాబూ."

స్కానింగ్ కోసం అక్కణ్ణుంచి విజయనగరం చేరేసరికి మావయ్యకు మాట పడిపోయింది.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. "తర్వాత చూద్దాం" అన్నవాళ్లకు ఈ సంగతి మెయిల్లో ఎలా రాయాలో తోచడం లేదు. మీరైతే ఏం రాస్తారు?