ఎర్రకొలను సత్రంలో రామసుబ్బమ్మ

రామసుబ్బమ్మ శ్రీశైలం బయల్దేరింది తన మొక్కు తీర్చుకోవడానికి కాదు. మొక్కు వదినది. చిన్నకొడుక్కి అమ్మవారు పోసి తగ్గాక, శివరాత్రికి కొండకు నడిచి వస్తానని ఆమె మొక్కుకుంది. దారిలో వండిపెట్టడానికీ మూటలు మోయడానికీ ఒక మనిషి కావాలి గనక ఆడబిడ్డను వెంటబెట్టుకుంది.

బేతంచెర్లకు దగ్గర్లో ఒక మెట్టపల్లె వాళ్లది. మొగుడు కలరాతో పోయేనాటికి రామసుబ్బమ్మకు పాతికేళ్లు నిండలేదు. పిల్లల్లేరు. అన్న తిమ్మయ్య బండి కట్టుకుపోయి చెల్లెల్ని పుట్టింటికి తెచ్చుకున్నాడు. ఆయన ఆమెను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అట్లని ఏనాడూ ఒక్క మాట అడగనూ లేదు. తెల్లారితే పొయ్యి దగ్గర, పొద్దుగూకితే పొయ్యి దగ్గర ఆమె బతుకు గడిచిపోతూ వచ్చింది. కూర బాగుందనో ఉప్పెక్కువైందనో తిన్నవాళ్లు చెప్పదలిస్తే వదినతో చెప్పేవాళ్లు.

మొదటి పెద్ద యుద్ధం ముగిసిన రెండు మూడేళ్లకు జరిగిన సంగతి ఇది. నంద్యాల దాకా రైలు, ఆత్మకూరు దాకా ఎద్దులబండి, అక్కణ్ణుంచి నాగలూటి మీదుగా అడవిలో కాలినడక. ఊరివాళ్లు చాలామందే కలిశారు. నల్లమల ఎక్కే ఆ దారిలో, ఎర్రకొలను అనే మడుగు పక్కన, వాళ్లకు మొదటి మజిలీ సత్రం తగిలింది.

సత్రమంటే పెద్దగా ఊహించుకునేందుకు ఏమీ లేదు. నాలుగు రాతిగోడలు, బోదగడ్డి కప్పు, ఒకటే పొడుగాటి సాల. నడుమ వెదురు తడిక. తడికకు ఈ పక్క ఆడవాళ్లు, ఆ పక్క మగవాళ్లు. పడుకోవడానికి నేల మీద మందంగా పరిచిన ఎండుగడ్డి. దూలానికి కట్టిన తాళ్ల మీద తడిబట్టలు, సంచులు, పసిబిడ్డల ఉయ్యాలలు. అందరికీ కలిపి ఒకటే పెద్ద పొయ్యి. తడిక ఆ పక్క ఎవరు దగ్గినా ఈ పక్క అందరికీ తెలుస్తుంది.

దాన్ని చూసుకునేవాడు గోపన్న. ముసలాయన, ఒంటరివాడు. శివరాత్రికి ముందే కొండెక్కి, ఉగాది యాత్ర అయిపోయిందాకా అక్కడే ఉండేవాడు. ఆయన సత్రంలో రెండే కట్టుబాట్లు. వచ్చినవాళ్లు తెచ్చుకున్న గింజల్లోంచి తలా ఇంత ఉమ్మడి కుండలో పోయాలి. తలా ఒక పని పట్టుకోవాలి. మడి కట్టుకొని వేరే వండుకునేవాళ్లకు వెనక చిన్న పొయ్యి ఉండేది గానీ, నీళ్లకడవ మాత్రం వాళ్లూ మోయవలసిందే.

ఆ సాయంత్రం గోపన్న పనులు పంచుతూ వీళ్ల దగ్గరికొచ్చాడు. తిమ్మయ్య కట్టెలు కొడతానన్నాడు. మా ఆడబిడ్డ వంట దగ్గరుంటుందని వదిన చెప్పేసింది. గోపన్న ఆ మాట విననట్టే రామసుబ్బమ్మ వైపు తిరిగాడు.

“నిన్నడుగుతాండా తల్లీ. నువ్వేం పని పట్టుకుంటావు?”

ఇష్టాయిష్టాలు అడిగేవాళ్లుంటారని ఆమె మరిచిపోయి చాలాకాలమైంది. చుట్టూ చూసింది. సత్రం ముందు తపసిచెట్టు కొమ్మకు ఒక రైలుపట్టా ముక్క వేలాడుతోంది. పొద్దుగూకాక దారిలో మిగిలిపోయినవాళ్లకు ఆనవాలు తెలియాలని దాన్ని ఇనుపకడ్డీతో కొట్టేవాళ్లు.

“వంట మాత్రం వద్దప్పా,” అంది నెమ్మదిగా. “ఆ గంట నేను కొడతా.”

వదిన నవ్వింది. గోపన్న నవ్వలేదు. కడ్డీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు తెల్లవారి, అందరూ మూటలు సర్దుకుంటుండగా, ఆమె కొలను మెట్ల మీద నాచుకు జారింది. చీలమండ చూస్తుండగానే వాచిపోయింది. పాదం నేల మీద ఆనడం లేదు. శివరాత్రి దగ్గరపడుతోంది, ఆగే వీలు లేదు. తిరుగుదారిలో పిలుచుకుపోతామని చెప్పి, తిమ్మయ్య ఆమెను గోపన్నకు అప్పగించి, అందరితో కలిసి ముందుకు సాగిపోయాడు. ఇంతదూరం వచ్చి దేవుణ్ణి చూడకుండా పడిపోయానే అని ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఆ ఏడుపు ఎక్కువసేపు సాగలేదు. రాయచూరు పక్కనుంచి వచ్చిన ఒక ముసలమ్మ, భాష రాకపోయినా, వచ్చి ఆమె పాదం తన ఒళ్లో పెట్టుకుంది. వేడి ఆముదం రాసి మెల్లగా నిమరసాగింది. పెద్దావిడ తన కాలు పట్టుకోవడం ఏమిటని రామసుబ్బమ్మ వెనక్కి లాక్కోబోయింది. ముసలమ్మ “సుమ్మనె కూత్కో” అని కసిరింది. ఊరికే కూచోమని కసురుతోందని అర్థమైంది గానీ, ఆ మాట ఇదివరకు తనతో ఎవరన్నారో ఆమెకు ఎంత వెతికినా గుర్తు రాలేదు.

ఊరికే కూచుంది. కూచుని చూసింది. ఒక గుంపు పోతే ఇంకో గుంపు వచ్చేది. జొన్నపిండి తెచ్చినవాళ్లు, కొర్రలు తెచ్చినవాళ్లు, ఉత్త ఎండుమిరపకాయలే మిగిలినవాళ్లు అందరూ తెచ్చింది కుండలో కలిపేవాళ్లు. ఆ కలగాపులగం సంగటి ఏ పూటకా పూట వేరే రుచి. నిన్నటి దాకా ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు పక్కపక్కన పడుకొని కోడళ్ల సంగతులు, కానుపుల సంగతులు చెప్పుకునేవాళ్లు. అడవి చలికి పొద్దున్నే అందరూ ఒక్క మంట చుట్టూ చేరేవాళ్లు. ఆమెను ఫలానావాళ్ల చెల్లెలని గానీ, ముండమోసినదని గానీ ఎవరూ అనేవాళ్లు కాదు. ‘గంట కొట్టే అమ్మ’ అనేవాళ్లు. కాలు కాస్త ఆనడం మొదలయ్యాక కుంటుకుంటూ పసిబిడ్డల ఉయ్యాలలు ఊపింది. రాయచూరు వాళ్ల పాటలకు కూనిరాగం కలిపింది. తనకు పాటలు వచ్చునని ఆమెకే ఆశ్చర్యమేసింది.

సత్రానికి ఉప్పూ గింజలూ ఆత్మకూరు నుంచి ఎద్దుల మీద వేసుకొచ్చేవాడు లాజరు. తాతల కాలం నుంచి ఏసు గుడికి పోయే కిరస్తానీ కుటుంబం. మాట తక్కువ, పని గట్టి. లోపల ఎంత చోటున్నా అతను బయట చూరు కిందే పడుకునేవాడు. అతని ముంతా పళ్లెమూ అక్కడే ఉండేవి. ఇది గోపన్న పెట్టిన కట్టుబాటు కాదు. పల్లెల్లో ఉన్న అలవాటే మనుషుల వెంట కొండెక్కింది. రామసుబ్బమ్మకూ అది వింతగా తోచలేదు. తన పుట్టింట్లోనూ అంతే.

శివరాత్రి అయిన మర్నాడు మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. ఆ కాలంలో ఎవరూ అనుకోని వాన. ముందు గాలి, వెనకే నిమ్మకాయలంత వడగళ్లు. పట్టపగలే కొండంతా మబ్బు దిగి పది బారల అవతల చెట్టు కనపడకుండా పోయింది. గోపన్నకు రెండు రోజులుగా జ్వరం. ఆయన పడకలోంచే లేచి కూచొని, లాజరు వెంట నాగలూటి నుంచి ఒక గుంపు బయల్దేరి ఉంటుందని, అందులో పిల్లలు కూడా ఉన్నారని చెప్పాడు.

రామసుబ్బమ్మ నెత్తిన గోనెపట్ట వేసుకొని బయటికి పోయింది. తపసిచెట్టుకు ఒక చెయ్యి ఆనించి, మంచికాలి మీద బరువంతా వేసి, రైలుపట్టా కొట్టడం మొదలుపెట్టింది. గాలి ఆ మోతను ఎటు ఎత్తుకుపోతుందో తెలియదు. ఒకాయన గడపలోంచి, ఈ వానలో ఎవరూ నడవరు, ఏ రాతి చాటునో ఆగిపోయి ఉంటారు, లోపలికి రమ్మని కేకేశాడు. ఆమె కొడుతూనే ఉంది. కుడిచెయ్యి పట్టేస్తే ఎడమచేతికి మార్చుకుంది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. వీళ్లు రాకపోతే అనే ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకొంచెం గట్టిగా కొట్టింది.

పొద్దు వాలబోతుండగా లోయలోంచి మనిషి గొంతు వినిపించింది. తరవాత ఎద్దు మెడలోని మువ్వలు. ఒకరి నడుముకొకరు పంచెలతో కట్టుకొని, వరసగా, బురదలో ముంచి తీసినట్టున్న మనుషులు మబ్బులోంచి బయటపడ్డారు. అందరికంటే ముందు లాజరు. అతని మెడ మీద ఒక పసిపాప, వడగళ్లు తగలకుండా తలగుడ్డ కప్పి ఉంది.

“దోవ కనపడలే అమ్మా,” అన్నాడతను రొప్పుతూ. “నీ గంట యాడుంటే ఆ పక్కకే నడిచినాం.”

జనం వాళ్లను లోపలికి లాక్కున్నారు. బట్టలు మార్చారు, మంట పెంచారు, వేడి గంజి పోశారు. ఆ హడావుడిలో లాజరు పాపను తల్లి చేతికిచ్చి, ఎప్పటిలాగే చూరు కిందికి పోయి కూచున్నాడు. అక్కడ గాలికి వాన జల్లు గోడ దాకా కొడుతోంది. అతను గడగడ వణుకుతున్నాడు.

లోపలికి రమ్మంది రామసుబ్బమ్మ. లాజరు తల అడ్డంగా ఊపాడు. లోపల ఒక పెద్దమనిషి, అతనికి అదే అలవాటులే, కంబళి ఇస్తే చాలునన్నాడు. ఈ మాట ఇంటి దగ్గర విని ఉంటే తనూ అదే అనేదని ఆమెకు తెలుసు. కుంటుకుంటూ పోయి, అతనికి అంత దూరంలో, తడినేల మీద చతికిలబడింది.

“ఈయప్ప బయటుంటే నేనూ బయటే ఉంటా. నా వాపుకాలు తడిస్తే తడవనీ.”

అంతమంది మగవాళ్ల ముందు ఆమె నోరు విప్పడం అదే మొదలు. ముందుగా కదిలింది పాప తల్లి. ఆమె లేచొచ్చి లాజరు చెయ్యి పట్టుకొని లాక్కుపోయి మంట పక్కన కూచోబెట్టింది. గోపన్న తన కంబళి తీసి అతని భుజాల మీద వేశాడు. ముందు అడ్డం చెప్పిన పెద్దమనిషి తన సంచి తీసుకొని వెనక చిన్న పొయ్యి దగ్గరికి మారాడు. తెల్లవారి ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు. తక్కినవాళ్లు ఉన్నారు. సంగటి ముద్ద అందరితో పాటే లాజరుకూ వడ్డించారు. అతను దాన్ని చాలాసేపు తిన్నాడు.

తిమ్మయ్య వాళ్లు తిరిగొచ్చేసరికి గోపన్నకు జ్వరం తగ్గలేదు. కట్టెలెవరు, నీళ్లెవరు అన్నది రామసుబ్బమ్మే పంచుతోంది. వదిన ఆ సందడంతా చూసి, ఇక చాలు మూట కట్టమంది. రామసుబ్బమ్మ అన్నను పక్కకు పిలిచి, గోపన్న లేచిందాకా, ఉగాది యాత్ర ముగిసిందాకా తను ఇక్కడే ఉంటానంది. తిమ్మయ్య నిర్ఘాంతపోయాడు. అడవిలో ఆడమనిషి ఒక్కతే ఎట్లా అన్నాడు. ఇంతమందిలో ఒక్కదాన్ని ఎట్లా అవుతానని ఆమె అడిగింది.

“పల్లెలో ఏమని చెప్పేది సుబ్బమ్మా?”

“నేను ఈడ ఉండానని చెప్పన్నా.”

వానలో గంట కొట్టి జనాన్ని బతికించిన ఒక అమ్మ సంగతి దారిపొడుగునా యాత్రికులు చెప్పుకుంటుంటే తిమ్మయ్య విన్నాడు. అది తన చెల్లెలని సత్రానికొచ్చిందాకా ఆయనకు తెలియలేదు. ఆయన తన కంబళి తీసి ఆమె చేతికిచ్చాడు. “చలి శానా ఉండాది. కప్పుకో,” అని మాత్రం అన్నాడు.

ఉగాది తరవాత తనే వచ్చి పిలుచుకుపోయాడు. అప్పటికి గోపన్న లేచి తిరుగుతున్నాడు. మరుసటి ఏడు మాఘమాసం రాగానే రామసుబ్బమ్మ ఎవరూ చెప్పకుండానే మూట కట్టుకుంది. ఇంట్లో వంట ఎవరు చేస్తారని వదిన రెండేళ్లు గొణిగింది. మూడో ఏడు మానుకుంది. ఎప్పుడో ఒకసారి తనూ కొండకొచ్చి, సత్రంలో అడక్కుండానే పొయ్యి దగ్గర కూచుని అందరికీ వండింది. తిన్నవాళ్లు మెచ్చుకుంటే సిగ్గుపడింది. శ్రీశైలం దేవుణ్ణి రామసుబ్బమ్మ చూసింది నాలుగో ఏట. అప్పటిదాకా పని తెమలలేదు.

గోపన్న పోయాక సత్రం ఆమె చేతికొచ్చింది. లాజరు అడవిరాయి పేర్చి చూరు కింద గోడ కట్టాడు. ఆ చోటు సాలలో కలిసిపోయింది. బయట పడుకోవడానికి జాగా లేకుండా పోయింది గనక, ఇష్టమున్నవాళ్లూ లేనివాళ్లూ లోపలే పడుకోవలసి వచ్చింది. కొందరు దానికి అలిగి, సత్రం దాటి చెట్ల కింద రాత్రి గడిపేవాళ్లు. వాళ్లకూ తెల్లవారి గంజి పంపేది. ఏళ్లు గడిచేకొద్దీ అట్లాంటివాళ్లు తగ్గారు గానీ, పూర్తిగా లేకుండా పోలేదు.

దేశానికి స్వతంత్రం రాబోతున్న ఏడు, ఆమెకు జుట్టంతా నెరిసిపోయాక, తిమ్మయ్య కొడుకులు బేతంచెర్ల నాపరాళ్లు పంపారు. రైల్లో, బండ్లలో, చివరికి ఎద్దుల మీద అవి కొండెక్కాయి. లాజరు తన మనుషులతో కలిసి సాలంతా పరిచాడు. నున్నగా, నీలంగా మెరిసే ఆ నేలను చూసి రామసుబ్బమ్మ దాని మీద పాదం పెట్టడానికి జంకింది. ఆ ఏడు వచ్చిన మొదటి గుంపు కూడా ముచ్చటపడి నాపరాళ్ల మీదే నడుం వాల్చింది. కాసేపటికే ఒకరొకరుగా లేచి కూచున్నారు. వీపు గడ్డకట్టుకుపోతోంది, గడ్డి లేదా తల్లీ అని అడిగారు. ఆమె నవ్వుకుంటూ వెనక్కి పోయి, ఎండుగడ్డి మోపులు తెచ్చి, ఆ కొత్త రాళ్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మందంగా పరిచింది.