నడుస్తున్న మిషన్ ప్లగ్గు పీకిన రోజు

2005లో నన్ను గుంటూరు బ్రాంచికి ఏరియా సర్వీస్ ఇన్‌ఛార్జిగా వేశారు. మా కంపెనీ ట్రెడ్‌మిల్లులు, తక్కిన వ్యాయామ పరికరాలు అమ్మేది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అమ్మిన ప్రతి మిషన్ మరమ్మతు బాధ్యత నాదే. నా కింద ఇద్దరు మెకానిక్కులు, నా పైన హైదరాబాదులో జోనల్ మేనేజరు.

రెండేళ్ళ తర్వాత, మిర్చి సీజను మొదలయ్యే రోజుల్లో, పై నుంచి రీకాల్ ఉత్తర్వు వచ్చింది. అమ్మిన సరుకులో లోపం బయటపడినప్పుడు ఆ భాగాన్ని కంపెనీయే వెనక్కి తీసుకుని మార్చి ఇవ్వడాన్ని రీకాల్ అంటారు. ఇళ్ళకు అమ్మిన ఒక మోడల్లో, మోటారును అదుపు చేసే కంట్రోల్ బోర్డు మంచిది కాదని తేలింది. బోర్డు బాగా వేడెక్కాక వోల్టేజి పడి లేస్తే బెల్టు ఒక్కసారిగా పూర్తి వేగం అందుకునేది. చొక్కాకు తగిలించుకునే సేఫ్టీ తాళం లాగినా ఆగేది కాదు.

మేము ఇంటింటికీ వెళ్ళి ఆ బోర్డు ఊడదీయాలి, మిషన్ మీద ఎర్ర స్టిక్కరు అంటించాలి, ఫారం మీద కస్టమరు సంతకం తీసుకోవాలి. కొత్త బోర్డు ఆరు వారాల్లో వస్తుందన్నారు. ఉత్తర్వుతో పాటు మరో కాగితం కూడా జతచేశారు. కస్టమరు దగ్గర ‘లోపం’ అనే మాట వాడకూడదు, ‘ఉచిత అప్‌గ్రేడ్’ అనాలి అని అందులో ఉంది.

జాబితా ప్రకారం ముందు గుంటూరు టౌను, తర్వాత ఒంగోలు పూర్తి చేసి, తొమ్మిదో రోజున సత్తెనపల్లిలో మస్తాన్‌వలీ గారింటికి వెళ్ళాను. ఆయన పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఆ మరుసటి ఏడే పక్షవాతం వచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. రోజూ అరగంట, రెండు చేతులకూ ఆధారం ఉన్న చోట నడవమని డాక్టరు చెప్పాడు. వాళ్ళ ఇల్లు మిర్చి లారీలు తిరిగే రోడ్డు మీద. ఆ ఘాటులో, ఆ రద్దీలో బయట నడక ఆయన వల్ల కాలేదు. రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో పెద్ద ముక్క పెట్టి మిషన్ కొన్నారు. ఎనిమిది నెలల్లో చేతికర్ర వదిలేశారు.

నేను కాగితంలో ఉన్నట్టే అప్‌గ్రేడ్ అని మొదలుపెట్టాను. ఆయన అంతా విని, కొత్త బోర్డు తెచ్చారా అని అడిగారు. లేదన్నాను.

“అప్‌గ్రేడ్ అంటే కొత్తది తెచ్చి పాతది తియ్యాలండీ. మీరు తియ్యడం ముందు, తేవడం తర్వాత అంటున్నారు. బాగున్న మిషన్ని ఎందుకు పడుకోబెడతారు?”

కంపెనీ పద్ధతి అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. “దీనికేమైందో మీరే చూడండి” అంటూ స్విచ్చి వేసి, మిషన్ ఎక్కి నడవడం మొదలుపెట్టారు. దిగమని రెండుసార్లు చెప్పాను. వినలేదు. నేను గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. పది నిమిషాలు గడిచాయి. బెల్టు సాఫీగానే తిరుగుతోంది. ఇంతలో పైన ఫ్యాను మందగించింది. వోల్టేజి పడిపోయిందని తెలిసి ప్లగ్గు పీకేశాను.

ఆయన ముందుకు తూలి రెండు చేతులా కడ్డీలు పట్టుకున్నారు. భార్య హజరాబీ గారు పరుగున వచ్చి నడుం పట్టుకున్నారు.

“ఏందండీ ఈ పని? పడేస్తారా నన్ను?” అని అరిచారాయన.

ఇక దాచడం నా వల్ల కాలేదు. బోర్డులో ఉన్న లోపమేమిటో, ఎప్పుడు ఎలా బయటపడుతుందో చెప్పాను. వేరే రాష్ట్రంలో ఒకావిడకు తుంటి ఎముక విరిగిందని కూడా చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

“మీకెప్పుడు తెలిసిందీ సంగతి?”

“కాగితం వచ్చి తొమ్మిది రోజులైందండీ.”

హజరాబీ గారు నా వైపు తిరిగి, “ఈ తొమ్మిది రోజులూ ఈయన దీని మీదే నడిచారన్నయ్యా. ఒక్క ఫోను చేసి ఎక్కొద్దని చెప్పుంటే పోయేది కదా” అన్నారు.

మస్తాన్‌వలీ గారు ఫారం తీసుకుని సంతకం పెట్టారు. స్క్రూలు విప్పుతుంటే టార్చి కూడా ఆయనే పట్టారు.

ఆరు వారాలన్నది నాలుగు నెలలైంది. ఆయన కంపెనీ నంబరుకు ఫోను చేస్తే హిందీలోనో ఇంగ్లీషులోనో ఒక కంప్లైంటు నంబరు చెప్పి పెట్టేసేవాళ్ళు. అప్పుడు నాకు చేసేవారు. ఒకసారి బాగా కేకలేసి, చివర్లో, “మీ మీద కాదండీ నా కోపం. ఎవరి మీద పడాలో తెలీక మీ మీద పడుతున్నా” అన్నారు. చేతికర్ర మళ్ళీ వచ్చిందని ఆ రోజే చెప్పారు.

వెళ్ళి చూశాను. వరండాలో నడుమెత్తున, ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు ఇనుప పైపులు బిగించి ఉన్నాయి. మిల్లులో ఆయన కింద పనిచేసిన వెల్డరు వచ్చి అతికించి వెళ్ళాడట. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఆ పైపుల మధ్య ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు.

బోర్డులు ఎందుకు రావడం లేదని స్టోర్సులో వాకబు చేశాను. వచ్చినవి వచ్చినట్టే పెద్ద నగరాల జిమ్ములకు పోతున్నాయి, ఇళ్ళ కస్టమర్లు ఆఖర్న. జోనల్ మేనేజరుకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. నెలవారీ సమావేశంలో లేచి, మస్తాన్‌వలీ గారికి డాక్టరు రాసిచ్చిన చీటీ చదివి, అప్‌గ్రేడ్ కాగితం గురించి కూడా అందరి ముందూ అడిగాను. బోర్డు నాలుగో రోజు వచ్చింది. హద్దు మీరి మాట్లాడానని మెమో కూడా వచ్చింది. ఆ ఏడాది నాకు రావలసిన ప్రమోషను రాలేదు.

బోర్డు బిగించాక మస్తాన్‌వలీ గారు వెంటనే ఎక్కలేదు. బెల్టు మీద బియ్యం బస్తా పెట్టించి, కదలకుండా తాళ్ళతో కడ్డీలకు కట్టించి, గంటన్నర నడిపించారు. మధ్యలో రెండుసార్లు వోల్టేజి పడింది. బెల్టు వేగం మారలేదు. అప్పుడు బస్తా దింపించి ఆయన ఎక్కారు. అయినా పాత బోర్డు తీయకముందు, జనవరిలో ఉన్న నడక తిరిగి రావడానికి దసరా దాటింది.

ఆ తర్వాత నా సర్వీసులో మరో రెండు రీకాళ్ళు వచ్చాయి. రెండుసార్లూ కాగితం అందిన పూటే జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ ఫోను చేయించాను. మిషన్ ఎక్కవద్దని, ఎందుకు ఎక్కవద్దో, కొత్త భాగం ఎప్పుడొస్తుందో తెలియకపోతే తెలియదనీ చెప్పించాను. టూరు ప్రోగ్రాము వేసుకోవడం ఆ తర్వాతే. మిషన్ ఆపినందుకు మనిషికి వచ్చే కోపం న్యాయమైనదే, దాన్ని పడవచ్చు. తెలిసీ చెప్పని తొమ్మిది రోజులకు మాత్రం ఏ ఫారంలోనూ గడి లేదు.