ఘనా ఎన్నికలూ, నేనెక్కని కారూ

ఆ రోజుల్లో గుంటూరు ఓటు గుంటూరులోనే ఉండిపోయింది, ఆస్ట్రేలియా ఓటు ఇంకా రాలేదు. చేతిలో ఓటు లేకపోయినా ఒంట్లో రాజకీయం మాత్రం దండిగా ఉండేది. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఘనా ఆంటీ ఇంట్లో అద్దెకుంటూ చదువుకునేవాణ్ణి, సెలవుల్లో గోడౌన్ పనికి వెళ్ళేవాణ్ణి. నాకు జ్వరమొస్తే చేపల పులుసు (మా అమ్మకే కళ్ళనీళ్ళు తెప్పించేంత ఘాటు) కాచి పోసిన తల్లి ఆవిడ. ఆవిడ తమ్ముడు ఆ డిసెంబరులో ఘనాలో ఎంపీగా నిలబడ్డాడు. ఓడితే రాజకీయాలు మానేస్తానన్నాడట. ఎదురింటి అంకుల్‌దీ వాళ్ళ ఊరే గానీ అవతలి పార్టీ. ఆయన రోజూ నన్ను కారులో స్టేషన్ దగ్గర దింపేవాడు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా బావ, "ఒరేయ్, ఉప్పు తిన్న ఇంటి పార్టీయే మన పార్టీ. అవతలోళ్ళ కారెక్కితే ఆవిడ మొహం ఎట్టా చూస్తావురా?" అన్నాడు. (మా ఊళ్ళో రెండు పార్టీలకీ రెండు టీ కొట్లు. తప్పు కొట్లో టీ తాగినవాడికి పెళ్ళి పిలుపులుండవు.) అంతే, అంకుల్ హారన్ కొట్టినా తల తిప్పుకుని నడక మొదలుపెట్టాను. డిసెంబరంటే ఇక్కడ నడివేసవి, ఆ ఎండల్లో స్టేషన్ చేరేసరికి చొక్కా పిండుకోవాల్సి వచ్చేది. పైగా ఆంటీకి లెక్కలు చెప్పేవాణ్ణి: "మీ వైపువాళ్ళంతా మీ పార్టీయే గదా ఆంటీ, తమ్ముడి గెలుపు రాసిపెట్టుకోండి." ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఫలితాలొచ్చే పొద్దున లడ్డూలు కూడా చుట్టి ఉంచాను. ఫోన్ మోగింది. విని ఆంటీ సోఫాలో కూలబడింది. "అధ్యక్షుడి ఓటు మా పార్టీకే వేశారు, ఎంపీ ఓటు అవతలివాళ్ళకి. మా దేశంలో దీన్ని స్కర్ట్ అండ్ బ్లౌజ్ అంటారు. తమ్ముడు ఊళ్ళో కనబడడని వాళ్ళకి కోపం" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని లడ్డూల గిన్నె అందుకుంది. "పద ఎదురింటికి. గెలిచింది వాళ్ళ మనిషి."

"నేను ఆయనతో మాట్లాడ్డం లేదాంటీ, మీ కోసమే!" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఏడుపు మధ్యలోనే పకపకా నవ్వింది. "పిచ్చివాడా, ఆయన ఆదివారం చర్చిలో నా పక్కనే నిలబడి పాడతాడు. నీకేం కోపమొచ్చిందోనని నన్ను తినేస్తున్నాడు!"

అంకుల్ ముందు ఆంటీని ఓదార్చాడు. "మీ తమ్ముడు మంచివాడు, రాజకీయాలు మానొద్దని చెప్పు" అన్నాడు. తర్వాత ఆంటీ నా అలక కథంతా చెబితే, లడ్డూ నములుతూ నా వైపు తిరిగి, "రేపు కారెక్కుతావా, మీ పార్టీని అడగాలా?" అన్నాడు.

ఇప్పుడు నాకూ ఇక్కడ ఓటుంది. ఓటేసి, పోలింగ్ జరిగే బడి ఆవరణలో ఇక్కడి ఆనవాయితీగా కాల్చి అమ్మే సాసేజ్ తింటున్నప్పుడల్లా ఆ ఇద్దరికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఓడి ఎలా నవ్వాలో, గెలిచి ఎలా ఓదార్చాలో నాకు చూపించినవాళ్ళు వాళ్ళే. డిసెంబరు ఎండలో ఆ స్టేషన్ రోడ్డు మీద నా కారులో వెళుతుంటే, పంతంగా తల తిప్పుకుని చెమటలు కక్కుతూ నడిచిపోతున్న ఓ కుర్రాడు గుర్తొస్తాడు. ఎక్కేరకం కాదని తెలుసు. అయినా ఒకసారి హారన్ కొడతాను.