మామ రక్తంలో పాయా

ఆ రోజుల్లో మా మెదకులో ఏ ఇంటికి వెళ్లినా ఎవరో ఒకరు గోడ పట్టుకుని నడుస్తూ ఎదురయ్యేవారు. ఒకవైపు ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు, దీక్షలు, ఇంకోవైపు చికున్‌గున్యా. పేరులో చికెన్ వినిపిస్తోందని జనం కోడికూర మానేశారు (ఆ ఏడు మా ఊళ్లో నిశ్చింతగా బతికినవి కోళ్లు మాత్రమే). సరిగ్గా అప్పుడే నేను హైదరాబాదులో ఒక ల్యాబులో చేరాను. చేసే పని పేరు సిస్టమ్స్ బయాలజీ. వైరస్‌ను ఒక్కదాన్నే పట్టుకుని చూడకుండా, అది ఒంట్లోకి వచ్చాక వేలకొద్దీ జన్యువులు, ప్రొటీన్లు కలిసి ఎలా స్పందిస్తాయో ఒకేసారి కొలిచి, కంప్యూటర్లో లెక్కకట్టి, రేపు ఇంకో కొత్త వైరస్ వస్తే సిద్ధంగా ఉండాలని మా ఆశ. అందుకు జబ్బుపడ్డవాళ్ల రక్తమే కాదు, ఇంకా జబ్బుపడని వాళ్ల రక్తం కూడా కావాలి, అదీ పరగడుపున తీసింది. జ్వరమొచ్చినవాళ్లు అడగ్గానే చేయి చాపారు. బాగున్నవాళ్లు మాత్రం నన్ను చూసి తలుపులేసుకున్నారు. "పదిమంది దొరక్కపోతే ఈ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాను" అని మా ల్యాబు మేడం తేల్చి చెప్పేశారు.

అప్పుడు తట్టింది నాకు, బస్టాండు దగ్గర దీక్ష టెంటు! ఆరోగ్యంగా ఉన్న మనుషులు, కూర్చున్నచోటు నుంచి కదలరు, పైగా ఇరవై నాలుగు గంటల పరగడుపు. టెంటుకు పెద్ద మా మేనమామే. వెళ్లి సంగతంతా వివరించాను. మామ కళ్లు మూసుకుని విని, "అంటే బిడ్డా, దొంగలు వడకముందు ఇల్లెట్లుండెనో ఫోటో తీసి పెట్టుకునుడన్నట్టు" అన్నాడు. (అన్నేళ్ల చదువులో ఏ ప్రొఫెసరూ నాకింత తేలిగ్గా చెప్పలేదు.) "అయితే అందరికన్న ముందుగాల నా నెత్తురే తియ్యుండ్రి!" అని మైకులో కూడా ప్రకటించాడు. ఆదివారం పొద్దున, దీక్ష ముగిసే వేళకు, చర్చి దగ్గరుండే నర్సు అక్క వచ్చి పదిమందికీ రక్తం తీసింది. ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని, నర్సాపూర్ మీదుగా వెళ్లే బస్సులో, యుద్ధం గెలిచినదానిలా కూర్చున్నాను.

ల్యాబులో ఆ గొట్టాలను మిషన్లో వేసి తిప్పితే పైన లేత పసుపు నీరు తేలాలి. తొమ్మిదింటిలో తేలింది. మామ గొట్టంలో చిక్కటి మజ్జిగలా తెల్లగా ఉంది. మేడం దాన్ని వెలుతురుకు పట్టి, "ఈయన నిరాహార దీక్షలో ఉన్నారా?" అని అడిగారు. "ఉండటమేమిటండీ, నాయకుడు" అన్నాను. ఆవిడ నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు.

మర్నాడే మెదకు వచ్చి మామను టెంటు వెనక్కి లాక్కెళ్లాను. "మామా, నిన్న పొద్దుగాల ఏం తిన్నవ్?"

"నేనా? మంచినీళ్లు."

"నీ నెత్తురు మజ్జిగలెక్క ఉంది. మంచినీళ్లతోని గట్ల కాదు, కొవ్వు తింటెనే గట్లయితది."

మామ అటూ ఇటూ చూశాడు. "తానానికని ఇంటికి పోతి. మీ అత్త మేకకాళ్ల పాయా వండింది. వాసనకు ఆగలేకపోయిన. జర మెల్లగ మాట్లాడు బిడ్డా, ఇజ్జత్ పోతది. చికెనైతె ముట్టలే గద!"

"నేను కాగితం మీద తిన్నవనే రాయాలె మామా."

మామ మెడలో కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "రాయి. రేపు మల్ల తియ్యి. ఈసారి నిజంగ ఉంట" అన్నాడు. ఉన్నాడు కూడా. స్నానానికి ఇంటికి పోకుండా బోరింగు దగ్గరే కానిచ్చాడు. రెండోసారి తీసిన గొట్టం అద్దంలా మెరిసింది.

పది రోజులకు అత్తమ్మ ఫోను చేసింది. "మీ మామకు ఒళ్లు కాలిపోతుంది బిడ్డా. కీళ్లు వట్టి లేవలేకపోతుండు" అంటూ ఏడుస్తోంది. అదే మనిషి రక్తం, జబ్బుకు ముందూ, జబ్బులోనూ! పదిమందిలో అలా దొరికింది మామ ఒక్కడే. నా నోట్లోంచి "అబ్బ, మస్తు మంచిగైంది అత్తమ్మా!" అని వచ్చేసింది. అంతటితో ఆగానా? "రేపు పొద్దుగాల ఏం తినిపియ్యకు, నేనొస్తున్న!" అన్నాను. ఫోను కట్ అయింది.

వెళ్లేసరికి అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, దారి ఇచ్చింది గాని నా మొహం చూడలేదు. మంచం మీద మామ వేళ్లు వాచి, పిడికిలి బిగించలేకపోతున్నాడు. మైకు పట్టుకునే చెయ్యి అది. నర్సు అక్క సూది తీసింది. నేను ఏడుపు ఆపుకోలేక, "వద్దక్కా, ఇయ్యాల వద్దు" అన్నాను.

"తియ్యుండ్రి" అన్నాడు మామ. "కడుపు మాడ్చుకుని ఫోటో దిగింది ఉత్తగ పోవాల్నా?"

రక్తం తీశాక అత్తమ్మ రెండు గ్లాసుల్లో జావ తెచ్చింది. ఒకటి మామ నోటికి పట్టి, రెండోది నా ముందు ఠక్కున పెట్టి, "ఏడ్సింది సాలు, తాగు" అంది.

ఫోనులో అలా అన్న ఆ పిల్లను, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒంట్లో వేల సంగతులు ఒకేసారి కొలవడం నేర్చుకుంది గాని, జ్వరమని ఎవరైనా ఫోను చేస్తే ముందు "ఎట్లున్నడు?" అని అడగాలని దానికి తెలియలేదు పాపం.