రెండో భాగం చూడకుండా లేవకూడదు

వీడియో ఆంటీ పోయారని కబురు వచ్చిన ఉదయం మా అమ్మ నన్ను అడిగిన మొదటి మాట ఇది: "ఇకనైనా ఆ ఇనుప సినిమాలు మానేస్తావుగా?"

అమ్మ మనసు చెడ్డది కాదు. ఆ మాట అంటూనే కళ్లు తుడుచుకుంది. వాళ్లింటికి పంపడానికి అప్పటికే పప్పుచారు పొయ్యి మీద పెట్టింది. కానీ మా ఇంట్లో నా గురించి ఒక తీర్మానం ఎప్పుడో జరిగిపోయింది. పిల్ల బాగానే ఉండేది, ఆ ఫిజీ ఆవిడ గరాజ్‌లో కూర్చుని దరిద్రపు సినిమాలు చూసి భయం తెచ్చుకుంది, అందుకే ఆపరేషన్ అంటే వెనకాడుతోంది. ఇదీ తీర్మానం. భయం నాకు ముందే ఉందనీ, దాన్ని నేరుగా చూడటానికి దొరికిన ఒకే ఒక్క చోటు ఆ గరాజ్ అనీ ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇక్కడైనా చెప్పుకోనివ్వండి.

ఆంటీ తాతముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరుకు తోటల పనికి ఫిజీ ఓడెక్కినవాళ్లు. ఎనభైల చివర్లో అక్కడి గొడవల తర్వాత ఆవిడా భర్తా మెల్‌బోర్న్ వచ్చి వీడియో షాపు పెట్టుకున్నారు. ఆవిడ తెలుగు మా ఇంట్లో వినపడే తెలుగు కాదు. ఓడలో వెళ్లిన తెలుగు అలాగే ఉండిపోయి, దాని మీద ఇంత హిందీ, ఇంత ఇంగ్లీషు చల్లినట్టుండేది. మూతపడుతున్న మరో షాపు సరుకు గంపగుత్తగా కొన్నప్పుడు హిందీ క్యాసెట్ల మధ్య కొన్ని జపాన్ సినిమాలు వచ్చాయట. వాటిని ఎవరూ అద్దెకు తీసుకోలేదు. ఆవిడే చూశారు. షాపు పోయాక ఆ క్యాసెట్లూ, ఒక ముసలి వీసీఆరూ మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా వెనక వీధికి, ఆవిడ గరాజ్‌కి చేరాయి.

యూనివర్సిటీలో సినిమా పేపరు ఒకటి తీసుకుని, ఆ సినిమాల కోసం వెతుకుతూ మొదటిసారి ఆ గరాజ్‌కి వెళ్లాను. ఆవిడ నన్ను కిందా మీదా చూశారు.

"ఏటే గుంటా, రగతం సూస్తే కళ్లు తిరుగుతాయా?"

"తిరగవు ఆంటీ."

"అచ్చా. ఐతే కూకో. రెండో బాగం సూడకుండా మాత్రం లేవకూడదు. నా గరాజ్‌లో అదే రూలు."

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆ సినిమాల్లో దయ్యాలుండవు. ఇరుకు గదులు, రైలు చప్పుడు, టై కట్టుకున్న మామూలు ఉద్యోగి. ఒకరోజు అతని చర్మం కింద ఏదో గట్టిగా తగులుతుంది. గోకితే లోహం. ఆ తర్వాత తీగలు, గొట్టాలు, మరలు లోపలి నుంచి మొలుచుకొస్తాయి. బయటి నుంచి ఎవరూ దాడి చేయరు. ఒళ్లే అతనికి ఎదురు తిరుగుతుంది. తక్కువ డబ్బుతో తీసినవి కనక తీగలు అతికించిన జిగురు కూడా కనపడుతుంది. అయినా చూస్తుంటే నా పళ్లు జివ్వుమనేవి.

వాటి తరువాయి భాగాలు ఇంకా వింత. కథ ముందుకు సాగదు. మొదటి భాగంలో ఇనుమైపోయినవాడే రెండో భాగంలో మళ్లీ మామూలు మనిషిగా, మరో ఉద్యోగంతో, ఒక్కోసారి పెళ్లాం పిల్లలతో కనపడతాడు. ఏమీ గుర్తుండదు. మళ్లీ చర్మం కింద గట్టిగా తగులుతుంది. అంతా మొదటి నుంచి. ఈసారి రంగులుంటాయి, ఖర్చు ఎక్కువ పెడతారు. విమర్శకులకు ఈ రెండో భాగాలంటే చిన్నచూపు. నేనూ యూని వ్యాసంలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆంటీకి అవే ఇష్టం.

శనివారం మధ్యాహ్నాలు, గరాజ్ తలుపు సగం ఎత్తి, వేయించిన కసావా, అంటే కర్రపెండలం, ముక్కలు గిన్నెలో పెట్టుకుని చూసేవాళ్లం. భయం వేసే చోట ఆవిడ లేచి నిలబడేవారు. కూర్చుని భయపడితే నడుం పట్టేస్తుందట. రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు. ఫోనొస్తే ఎప్పుడూ కుడి చెవికే. తెర మీద మొదటి మర మొలిచినప్పుడు ఎడమ భుజం కింద అరచెయ్యి ఆనించుకునేవారు. అది ఆవిడ అలవాటు అనుకున్నాను.

తర్వాత నేను కేరమ్ డౌన్స్ గుడిలో ప్రసాదం వరసలో కుప్పకూలాను. "ఖాళీ కడుపుతో వచ్చింది, మొండిది," అని అమ్మ చుట్టుపక్కలవాళ్లకి సర్దిచెప్పింది. పరీక్షల్లో మాత్రం గుండె లయలో లోపం ఉందని తేలింది. పుట్టుకతో వచ్చిందే. చర్మం కింద ఒక పెట్టె పెట్టాలి, గుండె దారి తప్పినప్పుడు అదే షాక్ కొట్టి దారిలో పెడుతుంది అన్నారు డాక్టరు. లేకపోతే ఈసారి పడితే లేవకపోవచ్చని కూడా, ఎంతో మర్యాదగా అన్నారు.

"ఫోన్ లాంటిదేనమ్మా, ఇంకొంచెం స్మార్ట్. ఆస్పత్రి నుంచే సెట్టింగ్స్ మార్చేయొచ్చు," అన్నారు నాన్న. ఆయనది ఐటీ ఉద్యోగం. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నారు. "మచ్చ గురించా నీ బెంగ? చీర కట్టుకుంటే కనపడదులే," అంది అమ్మ. నా లోపల, నన్నడక్కుండా, తన ఇష్టం వచ్చినప్పుడు నన్ను తన్నే వస్తువు ఒకటి ఉంటుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆంటీకి చెబితే టీవీ ఆపేశారు. జాకెట్టు అంచు కొంచెం పక్కకు జరిపి చూపించారు. ఎడమ భుజం కింద, పలచబడిన చర్మం అడుగున, అగ్గిపెట్టె మూలల్లా మూలలు.

"ఇది నా పార్ట్ టూ. బేటరీ అయిపోతే మొత్తం పెట్టే మారుస్తారు. పార్ట్ వన్ ఎప్పుడో ఎలిపోయింది. పట్టుకు సూడు, కరవదు."

పట్టుకున్నాను. చర్మం వెచ్చగా ఉంది, దాని కింద ఉన్నది కదిలింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆవిడ నవ్వారు.

"రెండోసారికి అలవాటైపోయిందా ఆంటీ?"

"డాక్టర్లు అలాగే అంటారు. ఏటీ అలవాటవదు. ఆ సినిమావోడు సూడు, రెండో బాగంలో కూడా మొదటిసారిలాగే అరుస్తాడు. దొంగ ఏసాలెయ్యడు. అందుకే ఆడంటే నాకిష్టం."

నా వ్యాసానికి మార్కులేసిన వాళ్లెవరూ ఈ మాట అనలేదు.

ఆ చలికాలంలో ఒక శనివారం ఆవిడ టీ కప్పులు తెస్తుండగా ఆ పెట్టె తన్నింది. ముందు చప్పుడేమీ లేదు. ఆవిడ ఒళ్లు ఒక్కసారి పైకెగిరి పడింది. ఎవరో లోపలి నుంచి గుద్దినట్టు. కప్పులు నేల మీద పగిలాయి. ఆవిడ నోట్లోంచి వచ్చిన అరుపు ఆ సినిమాల్లో ఏ ఒక్కదాంట్లోనూ లేదు. తెర మీద ఇనుప మనిషి పరిగెడుతూనే ఉన్నాడు, నా వేళ్లకి రిమోట్ మీద ఒక్క బొత్తామూ దొరకలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి నేల మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

"గుర్రం తన్నినట్టుంటాది," అన్నారు ఊపిరి అందాక. "బయమేసిందా?"

"ఊఁ."

"నాకూ. పోయి టీ మళ్లీ పెట్టు."

ఆ తర్వాత నేను డాక్టరు దగ్గర తేదీ వాయిదా వేయించుకున్నాను. మళ్లీ వేయించుకున్నాను. ఆంటీ ఒక్కసారి కూడా "పెట్టించుకో" అనలేదు. మా ఇంట్లోవాళ్లకి ఆవిడ మీద ఉన్న కోపం అదే.

చివరికి ఆవిడను తీసుకెళ్లింది గుండె కాదు. మెదడులో నరం చిట్లి, సోఫాలో కూర్చున్నచోటే పోయారు. రెండు రోజుల తర్వాత అమ్మా నేనూ మళ్లీ క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి, దహనం ఏర్పాట్లు చూసే ఆయన ఫోన్ స్పీకర్‌లో ఉన్నాడు. శరీరంలో ఏదైనా యంత్రం ఉందా అని అడుగుతున్నాడు. ఫోన్ పట్టుకున్న ఆంటీ కొడుక్కి తెలుగు అర్థమవుతుంది, జవాబులన్నీ ఇంగ్లీషులోనే. గుండెకి ఒకటుండేది కానీ అమ్మే పోయాక అదీ ఆగిపోయి ఉంటుంది, ఇంక దాంతో పనేముంది, ఆవిడను మళ్లీ కోయొద్దు అంటున్నాడు. మా అమ్మ కూడా తలూపింది. మనిషి పోతే మిషనూ పోతుందనుకోవడం కంటే సహజమైన పొరపాటు ఏముంటుంది?

"ఆగదు," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నా భయం కొద్దీ ఆ పెట్టె గురించి దొరికిందల్లా చదివి పెట్టుకున్నదాన్ని. మంటలో పెడితే బ్యాటరీ పేలుతుంది. ముందు టెక్నీషియన్ వచ్చి దాన్ని ఆపాలి. ఆపకుండా తీగ కత్తిరిస్తే తీసేవాళ్లనే కొట్టగలదు. "అది ఇంకా ఆన్‌లోనే ఉంది," అని ముగించాను. ఫోన్‌లో ఆయన అవునన్నాడు.

ఆంటీ కొడుకు కుర్చీలో కూలబడ్డాడు. "యు మీన్... ఇట్స్ స్టిల్ లిజనింగ్ ఫర్ హర్?"

ఇంకా వాళ్లమ్మ గుండె కోసమే వింటోందా అని అడుగుతున్నాడు. చల్లటి గదిలో ఆవిడ, ఆవిడ లోపల మెలకువగా అది. రెండు రోజులుగా, రాని చప్పుడు కోసం. ఏ సినిమా నన్నంత భయపెట్టలేదు. నా భయం పుట్టిన దగ్గర్నుంచీ నేను ఊహించుకున్న దృశ్యాల్లో లోహం మనిషిని మింగేది. మనిషి వెళ్లిపోయాక లోహం ఒక్కటే కూర్చుని ఎదురుచూస్తుందని ఎన్నడూ ఊహించలేదు. అంతకంటే భయంకరమైనది ఇంకోటి ఉంటుందనుకోను. అంతగా ఆవిడ కోసం కనిపెట్టుకుని ఉన్నది ఇంకోటి ఉందని కూడా అనుకోను.

దాన్ని ఆపారు, తీశారు. ఆంటీ కొడుకు అడిగితే శుభ్రం చేసి ఇచ్చారు. దహనం అయిన మర్నాడు క్యాసెట్లు తీసుకెళ్లమని నన్ను పిలిచాడు. గరాజ్ తలుపు సగం ఎత్తే ఉంది. ఆ వెండిరంగు పెట్టె టీవీ మీద, కవరు తొడిగిన రిమోట్ పక్కన ఉంది. పట్టుకుంటే చల్లగా ఉంది, అనుకున్నంత బరువు లేదు. వీసీఆర్‌లో రెండో భాగం సగంలో ఆగి ఉంది. మిగతా సగం నిలబడి చూశాను, ఎడమ భుజం కింద అరచెయ్యి ఆనించుకుని. అతను మొదటిసారిలాగే అరిచాడు.

క్యాసెట్లు మా ఇంటికి తెచ్చుకున్నాను. సినిమాలు మానను. వచ్చే బుధవారం పెట్టె పెట్టించుకుంటున్నాను.