రాలిన పండ్ల పంచాయితీ

నా పామాయిల్ తోటల రాలిన పండ్లు ఎవరో ఏరుకపోతున్నరని వానలు మొదలైనప్పుడే అనుమానమొచ్చింది. గెల కోస్తే కింద రాలే ఎర్ర పండ్లు కూడా మిల్లుకు పోయేవే. ఎవ్వర్నీ నమ్మే మనిషిని కాదు నేను. కూలోళ్ల సంచులు రోజూ తడిమి చూసేదాన్ని.

ఒకరోజు అశ్వారావుపేట రోడ్డు మీద పండ్లు తూచి కొనే కాంటా దగ్గర రెండు సంచుల పండ్లతో పక్క గూడెం పిల్ల దొరికింది. ఇంటర్ అయింది, నర్సింగ్ సీటొచ్చింది. నేను సీదా స్టేషన్‌కు పోయిన. "మొదటి తప్పమ్మా, కోర్టెందుకు? గూడెంల కూసొని మాట్లాడుకోండ్రి. ఒప్పందం కాగితం మీద మీరు సంతకం పెడితే కేసుండదు," అన్నడు ఎస్సై. సరేనన్న గని, వీళ్లంతా ఒక్కటై నన్ను బోల్తా కొట్టిస్తరని ఒకటే గుబులు.

గూడెంల అందరం కూసున్నం. "అడవిల ఇప్పపువ్వు రాలితే ఏరుకున్నోళ్లదే. పిల్ల గట్లనే అనుకున్నది," అన్నడు పెద్దమనిషి. నాకు ఒళ్లు మండింది. చదువుకున్నదానికి అడవేదో తోటేదో తెల్వదా?

"మరి నేను అన్నానికి పోయినప్పుడే ఎందుకొచ్చినవ్ పిల్లా?" అని అడిగిన.

ఆ పిల్ల తలెత్తి, "మొదటి రోజు తప్పని తెల్వదమ్మా. రెండో రోజు తెలుసు," అన్నది.

నిజమే చెప్తున్నదనిపించింది. నిజం చెప్పి నన్ను మెత్తబరుస్తున్నదేమో అని కూడా అనిపించింది.

ఆఖరికి ఒప్పందం అయింది: పది రోజులు ఆమె నా తోటల పండ్లు ఏరాలె, పదో రోజు నేను సంతకం పెట్టాలె. పదకొండో రోజు కాలేజీల చేరనీకి ఆఖరు. కేసు లేదని స్టేషన్ కాగితం లేకుంటే చేర్చుకోరు. ఇదంతా నా ముంగటనే అనుకున్నరు.

తొమ్మిది రోజులు వంచిన నడుము ఎత్తకుండ ఏరింది. పదో రోజు సంచి సగమే నిండింది. మిగిలినయి ఎక్కడన్న దాచిందేమో అనుకున్న.

"ఇయ్యాల గెలలు కొయ్యలేదు కదమ్మా," అన్నది.

"కోత చూసే మేస్త్రీని అడిగినంకనే సంతకం," అన్న.

మేస్త్రీ సత్తుపల్లికి పెండ్లికి పోయిండు, ఫోన్ ఎత్తలేదు. రెండు రోజులకు వచ్చి, "కోత ఆపమన్నది మీరే కదమ్మా," అన్నడు. అవ్, నేనే. మిల్లు బండి రాదని నేనే ఆపిన, అనుమానంల అదే యాదికి రాలేదు.

సంతకం పెట్టి, కాగితం పట్టుకొని గూడెం ఉరికిన. పిల్ల తీసుకొని చదివింది, మడిచి తల్లికిచ్చింది. "గడువు నిన్ననే అయిపోయిందమ్మా," అన్నది.

తప్పయిందని చెప్దామని పోయినదాన్ని, చెప్పకుండనే మర్లొచ్చిన. నా తప్పుకు ఎవ్వరూ పంచాయితీ పెట్టలేదు. పెట్టుమని నేనూ అడగలేదు.